అరువుకి ఆయన, నగదుకి ఇంకొకరు

చిన్ననాటి కిరాణా కొట్ల మాట ఎత్తితే చాలు, మా వయసువాళ్లకి నోరు ఆగదు. గాజు సీసాల్లో నిమ్మతొనలు, చిత్తూరు న్యూట్రిన్ చాక్లెట్లు, పైనుంచి వేలాడే దారపుండ, తూకం అయ్యాక చేతిలో పెట్టే కొసరు బెల్లంముక్క. ఒకరు మొదలుపెడితే ఇంకొకరు అందుకుంటారు. వాట్సాప్‌లో పాత డాల్డా డబ్బా ఫొటో వస్తే గ్రూపు మొత్తం దణ్ణాలు పెడుతుంది. చివర్లో "ఏవండీ ఆ రోజులు" అని ఒక నిట్టూర్పు. అంతవరకూ బాగానే ఉంటుంది. ఆ కొట్లు ఎందుకు పోయాయన్న దగ్గరికి వచ్చేసరికి గొంతులు మారతాయి. కార్పొరేట్లు మింగేశాయంటారు ఒకరు. ప్రపంచీకరణ అంటారు ఇంకొకరు. ఈమధ్య అందరూ కలిసి పది నిమిషాల డెలివరీ మీద పడుతున్నారు. ముద్దాయిల జాబితా పొడుగ్గానే ఉంటుంది గానీ అందులో మన పేరు కనపడదు. ఒకటో తారీఖున జీతం అందుకునే గుమాస్తాలం, టీచర్లం, బ్యాంకు ఉద్యోగులం, మన తర్వాత మన ఇంజనీరు పిల్లలు. ముందు రాయాల్సిన పేరు మనదే. చేతిలో డబ్బు లేనప్పుడు శెట్టిగారి దగ్గరికి వెళ్లాం. డబ్బున్నప్పుడు ఇంకోచోటికి వెళ్లాం. ఏళ్ల తరబడి ఇదే పని చేశాం. ఏ కొట్టు తట్టుకుంటుంది దీనికి?

నాకు బాగా తెలిసింది తెనాలి. గంగానమ్మపేటలో మా సందు మొదట్లో ఉండేది ఆ కొట్టు. బోర్డు లేదు, అవసరమూ లేదు. శెట్టిగారి కొట్టంటే చాలు. ముందువైపు నంబర్లు వేసిన చెక్క పలకలు; పొద్దున్నే ఒక్కొక్కటే ఊడదీసి లోపల ఆనించేవారు. మూతులు మడిచిన గోనెసంచుల్లో పప్పులు, వాటి వెనక నూనె డబ్బాలు, ఓ మూల కిరసనాయిలు పీపా, గోడకి కుంకుళ్లు, సీకాయల బుట్టలు. సరుకు ఏ ఊరిదో అందరికీ తెలిసేది. బెల్లం అనకాపల్లిది, పసుపు పక్కనున్న దుగ్గిరాలది, మిరపకాయ గుంటూరుది, కల్లుప్పు చినగంజాంది. మినుములు మన డెల్టావే, వరి కోసిన మాగాణిలో పండినవి. "కొత్త మినుములొచ్చాయమ్మగారూ, పొట్టు ఇట్టే వదులుతుంది" అని మా అమ్మకి కబురు పంపేవారు. ఇప్పుడు నేను కొనే మినప్పప్పు ప్యాకెట్టు మీద ప్యాక్ చేసిన కంపెనీ చిరునామా ఉంటుంది. పండిన ఊరు ఉండదు.

ఆయన పొట్లం కట్టడం చూడాలి. పాత పరీక్ష పేపర్ల దొంతరలోంచి ఒక కాగితం లాగి, బొటనవేలు ఆనించి ఒక్క తిప్పు తిప్పేసరికి పొట్లం తయారు. జీలకర్ర పోసి, మూతి మడతలు వేసి, పైన ఉండలోంచి దారం లాగి రెండు చుట్లు చుట్టి, చూపుడువేలికి మెలేసి పుటుక్కున తెంపేవారు. ఈలోపు నోరు లెక్క కడుతూనే ఉండేది. కాగితం, కలం ఏవీ లేవు. బియ్యం కొలిచేటప్పుడు మొదటి కొలతని ఒకటి అనేవారు కాదు. లాభం, రెండు, మూడు అని సాగేది. మేం పిల్లలం అది విని ఇంటికొచ్చి గోలీలు అలాగే లెక్కపెట్టుకునేవాళ్లం.

మా ఇంట్లో ఒక చిన్న పుస్తకం ఉండేది, గూట్లో దేవుడి పటాల పక్కన. సరుక్కి వెళ్లినప్పుడల్లా పట్టుకెళ్లాలి. శెట్టిగారు అందులో రాసి, తన చిట్టాలో రాసుకుని, రాత్రి కొట్టు కట్టేశాక ఆవర్జా అనే పెద్ద పుస్తకంలోకి ఎక్కించుకునేవారు. ఎక్కడా మా సంతకం లేదు. ప్రోనోటు లేదు, సాక్షి లేదు. రెండు పుస్తకాలకీ ఎప్పుడైనా తేడా వస్తే ఎర్రగుడ్డ అట్ట పెద్ద పుస్తకం తెరిచేవారు. మా నాన్నగారు చూసి తలూపేవారు. అంతే.

1972 చివర్లో ఆంధ్రకి ప్రత్యేక రాష్ట్రం కావాలని జై ఆంధ్ర ఉద్యమం వచ్చింది. ఎన్జీవోలు, అంటే నాన్‌గెజిటెడ్ ప్రభుత్వోద్యోగులు, సమ్మెకి దిగారు. నాన్నగారు తాలూకా ఆఫీసులో గుమాస్తా. జీతం ఆగిపోయింది. సంక్రాంతి వచ్చింది, జీతం రాలేదు. పి.వి. నరసింహారావు ప్రభుత్వం పోయి జనవరిలో రాష్ట్రపతి పాలన వచ్చింది, జీతం మాత్రం రాలేదు. అమ్మకి కొట్టుకెళ్లడానికి మొహం చెల్లక పుస్తకం ఇచ్చి నన్ను పంపేది. చీటీలో వేరుశనగ నూనె పావులీటరు అని ఉండేది. "అబ్బాయిగారూ, పావు చాల్తుందన్నారా అమ్మగారు? అర రాస్తున్నానని చెప్పండి" అని అరలీటరు పోసి పంపేవారు. ఓ రోజు అమ్మే వెళ్లింది. నేను పక్కనున్నాను.

"శెట్టిగారూ, ఈ నెల కూడా..."

"పుస్తకం ఎక్కడికి పోతుందమ్మా? గవర్నమెంటెక్కడికి పోతుంది? కందిపప్పు మాట చెప్పండి, కొత్తది దించాను."

ఆ వీధిలో జీతాలాగిన ఇళ్లు మాదొక్కటే కాదు. టీచర్లు, కోర్టు గుమాస్తాలు, ట్రెజరీ వాళ్లు, అందరూ ఆ పెద్ద పుస్తకంలో ఉన్నవాళ్లే. సమ్మె అయ్యాక నాన్నగారు వాయిదాల మీద తీర్చారు. వడ్డీ అడగలేదు. ధరలో అణో పైసో కలుపుకునేవారేమో. కలుపుకున్నా న్యాయమే. ఉద్యమాల చరిత్ర రాసినవాళ్లు నాయకుల పేర్లు రాశారు, కాల్పులు జరిగిన ఊళ్లు రాశారు. సమ్మె అన్ని నెలలు నిలబడటానికి పప్పూ ఉప్పూ ఎవరిచ్చారో ఎక్కడా రాయలేదు. రాయాలని అనిపించనైనా లేదు మనకి.

ఆయనిచ్చిన అరువు ఆయన సొంత డబ్బు కూడా కాదని పెద్దయ్యాక అర్థమైంది. గుంటూరు పట్నం బజారుకి వెళ్లి హోల్‌సేలు కొట్లలో సరుకెత్తేవారు, అదీ గడువు మీద. గడువుకి డబ్బు కట్టకపోతే తర్వాతి సరుకు ఆగిపోతుంది. కొట్లో వచ్చిన నగదు అక్కడ కట్టి, ఆ పరపతితో తెచ్చిన సరుకు ఇక్కడ అరువిచ్చేవారు. ఆ అరువు మాలాంటి నెల ఖాతాల వాళ్లకే కాదు. సాయంత్రమయ్యేసరికి రిక్షా తొక్కేవాళ్లు, బియ్యం మిల్లుల హమాలీలు, నాట్లకీ కోతలకీ వెళ్లొచ్చే ఆడవాళ్లు వచ్చేవారు. పావలా నూనె, పది పైసల చింతపండు, గుప్పెడు పప్పు. కూలి అందని రోజు వాళ్లదీ అరువే, అది సున్నం గోడ మీద బొగ్గుతో గీతలు. ఒకటో తారీఖున మేం తెచ్చి కట్టే సొమ్ము గుంటూరు వెళ్తేనే ఆ బొగ్గు గీతల వాళ్లకి మర్నాడు నూనె దొరికేది. మా డబ్బు ఇంకోవైపు మళ్లితే శెట్టిగారికి మిగిలేవి గీతలే. ఇది తెలియడానికి ఎకనామిక్స్ చదవక్కర్లేదు. చదివిన మా అన్నయ్యకీ తట్టలేదు, నాకూ తట్టలేదు.

మళ్లించాం. హైదరాబాదులో త్రినేత్ర సూపర్‌మార్కెట్ 1986లోనే మొదలైంది. ఉద్యోగం మీద అక్కడికి వెళ్లాక నేనూ బుట్ట పట్టుకుని అరల మధ్య తిరగడం నేర్చుకున్నాను. ఏం నచ్చిందో దాచకుండా చెప్పాలి. ఎవర్నీ అడగక్కర్లేదు. ఏం కొన్నానో, ఎంత కొన్నానో, ఈ నెల మంచి బియ్యం మానేసి ముతక బియ్యం ఎందుకు తీసుకున్నానో ఎవరికీ తెలియదు. నాన్నగారి పుస్తకంలో అమ్మ పడ్డ సిగ్గు అక్కడ లేదు. చల్లగా ఉండేది, పాటలొచ్చేవి. 2006 నవంబరులో రిలయన్స్ ఫ్రెష్ దేశంలో మొదటి కొట్లు తెరిచింది హైదరాబాదులోనే. అదేదో మన ఘనత అన్నట్టు చెప్పుకున్నాం. కూరగాయలు కూడా ఏసీలో అమ్ముతున్నారట అని ఊరికి ఫోన్ చేసి మరీ చెప్పాం. తర్వాత నాలుగైదేళ్లకి తెనాలిలోనూ బుట్టలు, ట్రాలీలు వచ్చాయి. అప్పటిదాకా గంగానమ్మపేట దాటి సరుక్కి వెళ్లని ఇళ్లన్నీ ఆదివారం సాయంత్రం అటు నడవడం మొదలుపెట్టాయి.

మనం వెళ్లిన ఆ పెద్ద కొట్లయినా నిలిచాయా? త్రినేత్ర 2007లో ఆదిత్య బిర్లా వాళ్ల చేతికి పోయి తర్వాత మోర్ అయింది. పదహారు వందల కొట్లదాకా పెరిగిన సుభిక్ష 2009లో మూతపడింది. హెరిటేజ్ ఫ్రెష్ చేతులు మారింది. 2022కల్లా బిగ్ బజార్ బోర్డులు దిగిపోయాయి. వాటికోసం ఎవరూ నిట్టూర్చలేదు. పక్కవీధిలో తెరిచిన ఇంకోదాంట్లోకి వెళ్లాం. అదీ సబబే. వాటికి మనం బాకీ లేం, అవి మనకి బాకీ లేవు.

2012 సెప్టెంబరు ముచ్చట ఒకటి చెప్పకపోతే ఈ ఆత్మవిమర్శ సగమే. బహుళ బ్రాండ్ల చిల్లర వర్తకంలో 51 శాతం విదేశీ పెట్టుబడికి కేంద్రం తలుపు తెరిచింది. సరేనన్న రాష్ట్రాల్లో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. సెప్టెంబరు 20న దేశమంతా బంద్. మేం సెమినార్లు పెట్టాం. వాల్‌మార్టు వస్తే చిన్న వర్తకుడు చితికిపోతాడని వ్యాసాలు రాశాం. నేనూ ఒకటి రాశాను, బాగానే రాశానని అన్నారు కూడా. ఆ వ్యాసం రాసిన కాగితాలూ పెన్నూ సూపర్‌మార్కెట్‌లో కొన్నవే. వాల్‌మార్టు వాడు ఎక్కడో ఉన్నాడు కాబట్టి వాడితో పోరాటం తేలిక. చిన్న వర్తకుడు సందు చివరే ఉన్నాడు. ఆయన దగ్గర అరకిలో పంచదార కొనడం మాత్రం కష్టమైంది.

మరుసటి ఏడాదే పరీక్ష వచ్చింది. 2013 ఆగస్టు 12 అర్ధరాత్రి నుంచి ఎన్జీవోలు మళ్లీ సమ్మె, ఈసారి సమైక్యాంధ్ర కోసం. అక్టోబరు మూడోవారం దాకా సాగింది. అంతకు రెండేళ్ల ముందు తెలంగాణలో ప్రత్యేక రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె 42 రోజులు జరిగింది. అక్కడి వీధుల్లోనూ ఇదే కథ నడిచిందని మిత్రులు చెప్పారు. ఉద్యమాలు ఎదురెదురు, కిరాణా అరువు మాత్రం రెండువైపులా ఒకటే. మా అన్నయ్య కూడా నాన్నగారి లాగే రెవెన్యూలో చేరినవాడు. మొదటి నెల దాచుకున్నదాంతో గడిచింది. రెండో నెలకి చేతిలో లేదు. ట్రాలీ నింపుకుని కౌంటరు దగ్గర నిలబడి "పుస్తకంలో రాసుకోండి" అంటే అక్కడ వినేవాళ్లెవరు? కార్డు గీకాలి. కార్డు వెనక జీతం ఉండాలి.

వదిన శెట్టిగారి కొట్టుకెళ్లింది. పెద్దాయన పోయి అప్పటికి కొన్నేళ్లు. వాళ్లబ్బాయి కూర్చుంటున్నాడు, ఆయనకీ యాభై దాటాయి. కొట్లో సగం అరలు ఖాళీ. "రండమ్మా, చాలా రోజులైంది" అన్నాట్ట. ఆ మాటలో ఎత్తిపొడుపు ఉందో లేదో వదిన ఇప్పటికీ తేల్చుకోలేకపోయింది. కొత్త పేజీ తీశాడు. పేరు అడగలేదు. పైన "గుమాస్తాగారు" అని రాశాడు. నాన్నగారు పోయిన తర్వాత కూడా ఆ ఖాతాకి అదే పేరు. వాళ్ల సరుకు గదిలో ఉన్నదేంటో, ఎంతకి తెచ్చాడో, గుంటూరులో ఆయనకి గడువెప్పుడో వదిన అడగలేదు. ఆయన చెప్పలేదు. ఆ రెండు నెలలూ ఇల్లు గడిచింది.

సమ్మె ముగిసింది, జీతాలొచ్చాయి. బాకీ కట్టారు, పూర్తిగా కాదు. కొంత మిగిలింది, వచ్చే నెల చూద్దామనుకున్నారు. నవంబరు 3న దీపావళి, వచ్చే నెల అంటే పండగ ఆఫర్ల నెల. అయిదు కిలోల నూనె డబ్బాకి కిలో పంచదార ఉచితం. చేతిలో నగదు, ఊళ్లో ఆఫరు. ఎటు వెళ్లి ఉంటారో చెప్పక్కర్లేదు. బాకీ ఉన్న కొట్టు ముందు నుంచి ఆ రంగు సంచులతో నడవడం ఇబ్బంది కదా, అందుకని అవతలి సందులోంచి చుట్టు తిరిగి ఇంటికొచ్చేవాళ్లు. ఈ సంగతి అన్నయ్య నవ్వుకుంటూ చెప్పాడు. నేనూ నవ్వాను. తర్వాత తెలిసింది, మా వీధిలో అలా చుట్టు తిరిగి వచ్చినవాళ్లు చాలామందే ఉన్నారని. ఆ అవతలి సందులో సాయంత్రాలు ఎదురుపడి ఒకరినొకరు చూడనట్టు వెళ్లేవాళ్లట.

ఆ మిగిలిన బాకీ చివరికి తీరింది. ఎప్పుడంటే 2016 నవంబరులో. 8వ తారీఖు రాత్రి 500, 1000 నోట్లు రద్దయ్యాయి. ఆ వారం ఆ కొట్లో ఎన్నడూ లేనన్ని వసూళ్లు జరిగాయి. ఏళ్ల తరబడి మొహం చాటేసిన వాళ్లంతా వరసకట్టి వచ్చి పాత బాకీలు చెల్లించారు, చెల్లని నోట్లతో. అందులో మా ఇల్లు ఒకటి. ఆయన కాదనలేదు. ఎలా కాదంటాడు? అన్నేళ్ల తర్వాత వచ్చిన డబ్బు. తీసుకుని, పుస్తకంలో పేర్లు కొట్టేసి, ఆ నోట్ల కట్ట పట్టుకుని బ్యాంకు ముందు క్యూలో నిలబడ్డాడు. మేం ఇంటికొచ్చి, హమ్మయ్య, ఒక పని అయింది అనుకున్నాం. మరుసటి ఏడు జులైలో జీఎస్టీ వచ్చింది. అది ఆయన్ని పడగొట్టిందని కొందరంటారు. అప్పటికే ఒంగిపోయిన మనిషి అని నా లెక్క. 2018లో కొట్టు ఎత్తేశాడు.

ఎత్తేస్తే మనకేం అనిపించింది? "మంచి పని చేశాడు, ఇంకా ఎన్నాళ్లు పొట్లాలు కడతాడు" అన్నాం. ఈ చులకన ఈనాటిది కాదు. కన్యాశుల్కంలో పోలిశెట్టిని చూసి నవ్వాం. సినిమాల్లో పిసినారి శెట్టి బొజ్జనీ, భయాన్నీ చూసి నవ్వాం. ఒక కులం మొత్తం మీద సామెతలు అల్లుకుని, వాటిని ఆ కులంవాళ్ల ఎదటే చెప్పి వాళ్లు కూడా నవ్వాలని ఎదురుచూశాం. తూకంలో మోసం మాట వస్తే వెంటనే త్రాసు పాసంగం పరీక్షించే మనం, మన ఆఫీసుల్లో బల్లకింద చేతుల సంగతి ఎప్పుడూ తూచుకోలేదు. పెళ్లి సంబంధాల దగ్గర కొట్టు చూసుకునే కుర్రాడికి పిల్లనివ్వడానికి వాళ్ల కులంలోనే వెనకాడే రోజులు వచ్చాయి. అది గాల్లోంచి ఊడిపడిన ఆలోచన కాదు. "కొట్లో కూర్చోబెడతారా వాణ్ణి? ఇంజనీరింగులో వేయండి" అని ప్రతి శెట్టిగారికీ సలహా ఇచ్చింది మనమే. మా శెట్టిగారి మనవడు బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటున్నాడు. సంతోషమే. కానీ కొట్టు నడుపుకోవడం గౌరవమైన బతుకుగా మనం ఉంచి ఉంటే ఆ కుర్రాడికి ఎంచుకోవడానికి ఒకటి కాదు, రెండు దార్లు ఉండేవి.

మన జ్ఞాపకాల్లో ఇంకో దగా కూడా ఉంది. కొసరు బెల్లం అందరికీ పెట్టలేదు. నన్ను అబ్బాయిగారూ అన్న ఆ నోరే, ఊరి చివరి పేట నుంచి వచ్చిన నా ఈడు పిల్లాణ్ణి ఒరేయ్ అంది. వాణ్ణి మెట్టు ఎక్కనివ్వలేదు. వాడు డబ్బులు అరుగు మీద పెట్టి వెనక్కి జరగాలి. పొట్లం పైనుంచి జారవిడిస్తే పట్టుకోవాలి. నేను రోజూ చూశాను. తప్పని తోచలేదు, మా ఇంట్లో ఎవరూ తప్పని చెప్పలేదు. శెట్టిగారు ఆ మెట్టు దగ్గర కాపలా ఉన్నది తనకోసమే కాదు, పై మెట్టు మీద నిలబడ్డ మాకోసం కూడా. తెనాలి పక్కనే చుండూరు. 1991 ఆగస్టు 6న అక్కడ జరిగిన దళితుల హత్యలకి ముందు వాళ్ల మీద సాంఘిక బహిష్కరణ నడిచింది. బహిష్కరణ అన్నప్పుడల్లా ఊళ్లో ముందు మూసుకునేవి పనీ, నీళ్లూ, కొట్టూ. అరలోంచి తనే వస్తువు తీసుకుని, బిల్లు కట్టి, ఎవరి మెట్టు దగ్గరా ఆగకుండా బయటికి రాగలిగిన సూపర్‌మార్కెట్ ఆ పిల్లాడికి ఎంత హాయిగా ఉండి ఉంటుందో ఊహించుకోగలను. అతను ఆ కొట్టు పోయిందని ఏడవకపోతే తప్పు పట్టే హక్కు నాకు లేదు. పాత కొట్టు మీద కవిత్వం రాసేటప్పుడు మనం ఆ మెట్టు చెరిపేసి రాస్తున్నాం.

కల్తీల సంగతీ అంతే. విడి నూనెలో ఏం కలిసేదో ఎవరికీ తెలిసేది కాదు. 1998లో ఢిల్లీలో ఆవనూనె కల్తీకి మనుషులు చచ్చిపోయాకే వంటనూనెలు ప్యాక్ చేసి అమ్మాలన్న ఉత్తర్వు వచ్చింది. ప్యాకెట్లు వద్దని నేననడం లేదు. ప్యాకెట్లు శెట్టిగారి కొట్లోనూ దొరికేవి. అదే కంపెనీ, అదే ధర.

మనం మానేశాక కొట్టు మీద ఎవరు మిగిలారు? బొగ్గు గీతల వాళ్లు. రోజు కూలి వాళ్లు నెలకి సరిపడా సరుకు ఒకేసారి కొనలేరు, ఆఫరు వాళ్లకి పనికిరాదు, కార్డు లేదు. వాళ్లకి కావాల్సింది ఈ పూటకి నూనె, రేపటిదాకా గడువు. మా వీధి కొట్టు పోయాక ఆ గడువు కూడా పోయింది. మైక్రోఫైనాన్స్ వాళ్ల వారం వాయిదాల గురించి మనం చాలా రాశాం, మాట్లాడాం. పావుకిలో పప్పు అరువు పుట్టని ఇంట్లో ఆ వాయిదా అప్పులోంచే పప్పు కొంటారన్న సంగతి, ఆ అరువు పుట్టకపోవడంలో మన దీపావళి ఆఫరు సంచి పాత్ర, రెండూ కలిపి ఎవరూ రాయలేదు. నేనూ రాయలేదు.

2019లో తెలంగాణ ఆర్టీసీ కార్మికులు 52 రోజులు సమ్మె చేసినప్పుడు జీతాల్లేని ఇళ్లు మళ్లీ వీధి కొట్ల వైపే చూశాయి. 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలైనప్పుడు అందరం చూశాం. యాప్‌లో స్లాటు దొరకలేదు. మాస్కు కట్టుకుని, సున్నంతో గీసిన వలయాల్లో నిలబడి, హైదరాబాదులో మా కాలనీ చివరి కొట్టాయనతో "మీరు లేకపోతే ఏమైపోయేవాళ్లమండీ" అన్నాం. ఆయన ప్రాణానికి తెగించి పొద్దున్నే మార్కెట్టుకెళ్లి సరుకు తెచ్చాడు. రెండేళ్లు తిరక్కుండా మన ఫోన్లు మళ్లీ మోగాయి: పది నిమిషాల్లో కొత్తిమీర, పది నిమిషాల్లో పాలు. ఒక్క ఏడాదిలోనే దేశంలో దాదాపు 2 లక్షల కిరాణా కొట్లు మూతపడ్డాయని వినియోగ వస్తువుల పంపిణీదారుల అఖిల భారత సమాఖ్య 2024లో చెప్పింది. ఆ లెక్కలో కాస్త హెచ్చుతగ్గులుంటే ఉండొచ్చు. మా కాలనీ చివరి కొట్టు మాత్రం అందులో ఒకటి. ఇప్పుడక్కడ సెల్‌ఫోన్ల కవర్లు అమ్ముతున్నారు.

ఆమధ్య తెనాలి వెళ్లినప్పుడు శెట్టిగారబ్బాయిని కలిశాను. ఇంట్లోనే ఉంటున్నాడు, మోకాళ్ల నొప్పులు. ఆవర్జాలు ఏం చేశారని అడిగాను. పాత కాగితాలవాడికి వేసేశాడట, కిలోల లెక్కన. వసూలు కాని పేర్లు చాలానే ఉండేవట. వేసేముందు ఒకసారి చూడలేదా అంటే, "చూసి ఏం చేస్తామండీ, కాలదోషం పట్టినవే కదా" అన్నాడు. నిజమే. లిమిటేషన్ చట్టం ప్రకారం ఇలాంటి బాకీకి మూడేళ్లు దాటితే కోర్టుకెళ్లడానికి లేదు. సంతకం లేని పద్దు, సాక్షి లేని పద్దు. మనం నిశ్చింతగా ఉండొచ్చు.

ఇది చదువుతున్నవాళ్లలో చాలామంది ఇళ్లకి అలాంటి పద్దు ఒకటి ఉండే ఉంటుంది. అమ్మనో, పెద్దక్కనో, ఊళ్లో ఉన్న పెదనాన్ననో అడగండి, గుర్తుండకపోదు. ఆ కొట్టువాళ్ల పిల్లలు ఎక్కడున్నారో కనుక్కోవడం ఇప్పుడు పెద్ద పని కాదు. వెళ్లి కట్టండి. మీ వీధిలో ఇంకా ఒక కొట్టు మిగిలుంటే ఈ నెల సరుకుల చీటీ అక్కడివ్వండి, వచ్చే దీపావళి నెలలో కూడా. రెండు చోట్లా అరువు చెప్పకండి. నగదు ఇవ్వండి, చెల్లే నోట్లతో.